శుభముహూర్తం: ఆ క్షణం ఏది?
(ఆలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)





మీ అందరికీ అందిన ఆహ్వానపత్రికలో మహాకుంభాభిషేకానికి తిథి, నక్షత్రం, లగ్నం, గంటలు, నిమిషాలు ముద్రించి ఉన్నాయి. అది చూసి దాతలలో కొందరు, “అయ్యా, ఒక నిమిషం అటో ఇటో అయితే దోషమా?” అని అడిగారు. చదువుకొన్న యువకులు మరొక ప్రశ్న వేశారు: “ఆ నిమిషం ఎవరి గడియారంలోది?” రెండూ ఆలోచింపదగిన ప్రశ్నలే. పంచాంగం చూసే ఇంట పుట్టి, న్యాయస్థానంలో నల్లకోటు వేసుకొని నిలిచినవాణ్ణి కనుక ఈ రెండు ప్రశ్నలూ నాకు కొత్తవి కావు. జ్యోతిశ్శాస్త్రమూ, న్యాయశాస్త్రమూ రెండూ కాలానికి గీత గీసే శాస్త్రాలే. ఈ గీతకు ఇటువైపున ఒక ఫలం, అటువైపున మరొక ఫలం అని చెప్పేవే. అయితే కాలం మాత్రం పెన్నా నది వంటిది. ప్రవాహంలో గీత ఉండదు, గీత గీసేది మనమే. ఏ ప్రయోజనం కోసం గీస్తున్నామో తెలిస్తే ఎక్కడ గీయాలో తెలుస్తుంది. నేటి ప్రసంగంలో నేను మనవి చేయదలచినది ఇదే.

మూడు ఊర్ల మధ్యాహ్నం

ముందుగా గడియారం సంగతి చూద్దాం. మన చేతి గడియారం చూపేది భారత ప్రామాణిక కాలం. 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన ఈ కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. ఆ రేఖ ఉత్తరాన మీర్జాపూరు వద్ద, మన రాష్ట్రంలో కాకినాడకు చేరువగా పోతుంది. మనమేమో దానికి పడమరన ఉన్నాము. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన కాకినాడ చెంత సూర్యుడు నడినెత్తికి వచ్చిన సుమారు 16 నిమిషాలకు ప్రొద్దుటూరులో, పదహారున్నర నిమిషాలకు జమ్మలమడుగులో, 17 నిమిషాలకు పులివెందులలో నడినెత్తికి వస్తాడు. ప్రొద్దుటూరు మధ్యాహ్నానికీ పులివెందుల మధ్యాహ్నానికీ నడుమ నిమిషానికి కొంచెం పైన, అనగా దాదాపు మూడు విఘడియల తేడా ఉన్నదన్నమాట.

అంతేకాదు. సూర్యగతిలోని హెచ్చుతగ్గుల వలన ఫిబ్రవరి నడుమ ప్రొద్దుటూరులో నిజమైన మధ్యాహ్నం సుమారు 12 గంటల 30 నిమిషాలకు జరుగుతుంది. నవంబరు మొదటి వారంలో సుమారు 12 గంటలకే జరుగుతుంది. పగటిని పదిహేను ముహూర్తాలుగా భాగిస్తే ఎనిమిదవది అభిజిత్తు. అది నిజ మధ్యాహ్నాన్ని నడుమ ఉంచుకొని ఉంటుంది. గోడ గడియారంలో పన్నెండు కొట్టగానే అభిజిత్తు నడిమికి వచ్చామనుకొనేవారు ఫిబ్రవరిలో అరగంట ముందే ఉన్నారన్నమాట!

పంచాంగంలో లగ్నాంత్య కాలాలను ఏదో ఒక ఊరికి గణించి ఇస్తారు. రాజమహేంద్రవరానికి గణించిన లగ్నాన్ని దేశాంతర సంస్కారం చేయకుండా ప్రొద్దుటూరులో వాడితే సుమారు 13 నిమిషాలు తప్పుతుంది. ఒక నవాంశ సగటు ప్రమాణం 13 నిమిషాల 20 సెకన్లు. అంటే, నవాంశ చూసి పెట్టిన ముహూర్తంలో నవాంశే మారిపోతుంది. అందుకే మన సిద్ధాంతులు దేశాంతరం, చరం అనే రెండు సంస్కారాలు చేయనిదే ముహూర్తం చెప్పరాదన్నారు.

ఇంకొక చిక్కు ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు దేశమంతటా గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. ఆ మూడేండ్లలో పుట్టిన పెద్దల జన్మకాలం ఇంటివారు రాసిపెట్టినప్పుడు ఆ గంటను తీసివేశారో లేదో చెప్పడం కష్టం. ఒక గంట అంటే సగం లగ్నం.

కనుక యువకుల ప్రశ్నకు నా జవాబు ఇది: పత్రికలోని నిమిషం గడియారానిది, ముహూర్తం మాత్రం ఈ ఊరి సూర్యునిది. అసలు ముహూర్తమనే మాటకే అర్థం రెండు ఘడియలు, అనగా 48 నిమిషాలు. మన పెద్దలు దానిని సూదిమొనగా తలచలేదు. కూర్చొని, ఆచమించి, సంకల్పం చెప్పి, పని ముగించుకోవడానికి చాలినంత చోటుగా తలచారు. లగ్నసంధిని విడిచిపెట్టమన్నదీ ఇందుకే. గీత దగ్గర నిలబడి తర్కించుకోవద్దు, గీతకు ఎడంగా నిలబడండి అని దాని భావం.

దినమంతటికీ ఒకటే తిథి

తిథి ఏ వేళనైనా మారవచ్చును. ఉదయం తొమ్మిదింటికి దశమి పోయి ఏకాదశి రావచ్చును. అయినను సాధారణ వ్యవహారానికి సూర్యోదయ వేళ ఉన్న తిథినే ఆ దినానికంతటికీ చెబుతాము. న్యాయశాస్త్రంలోనూ అచ్చంగా ఇదే పద్ధతి ఉన్నది. చట్టం సాధారణంగా దినాన్ని ముక్కలు చేయదు. ఉదయం సంతకం పెట్టినా, సాయంత్రం పెట్టినా ఆ తేదీ ఆ తేదీయే.

అయితే ప్రయోజనం మారినప్పుడు రెండు శాస్త్రాలూ తమ నియమాన్ని తామే సడలించుకొంటాయి. శ్రీరామనవమికి మధ్యాహ్నవ్యాప్తి కావాలి. మహాశివరాత్రికి అర్ధరాత్రి వేళ చతుర్దశి ఉండాలి. దీపావళికి ప్రదోషవేళ అమావాస్య ఉండాలి. అక్కడ ఉదయతిథి చాలదు. భద్రాద్రిలో సీతారాముల కల్యాణం మిట్టమధ్యాహ్నం జరిగితే, మన ఒంటిమిట్టలో పండువెన్నెలలో జరుగుతుంది. అదే దంపతులు, అదే కల్యాణం. క్షేత్ర సంప్రదాయం ఏ వేళను కోరిందో ఆ వేళే సుముహూర్తం.

చట్టంలోనూ అంతే. 1991 డిసెంబరు 10న జరిగిన ఒక వాహన ప్రమాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ప్రమాదం మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు జరిగింది. ఆ వాహనానికి బీమా చేయించినది అదే రోజు 2 గంటల 55 నిమిషాలకు. తేదీ ఒకటే కదా, బీమా కంపెనీ పరిహారం ఇవ్వాలన్నది వాదన. పత్రంలో వేళ స్పష్టంగా ఉన్నప్పుడు ఆ వేళ నుండే బీమా మొదలవుతుందని న్యాయస్థానం తీర్పు చెప్పింది. ముప్పైఅయిదు నిమిషాలు ఒక కుటుంబం భారాన్ని ఒక చేతి నుండి మరొక చేతికి మార్చివేశాయి. ఇరువురి హక్కులు ఢీకొననంతవరకు చట్టానికి దినం చాలు. ఢీకొన్నప్పుడు ఘడియ కావాలి.

మన దేశ స్వాతంత్ర్యమే చూడండి. రాజ్యాంగ సభ 1947 ఆగస్టు 14 రాత్రి 11 గంటలకు సమావేశమై, పన్నెండు కొట్టిన తరువాత ప్రతిజ్ఞ చేసింది. ఆంగ్ల లెక్కలో అది ఆగస్టు 15. సూర్యోదయంతో దినం మారే మన పంచాంగపు లెక్కలో అది ఇంకా ముందటి దినమే, గురువారమే. ఒకే క్షణం రెండు దినాలకు చెందింది.

పుట్టిన ఘడియ

జాతకానికి మూలం జన్మకాలం. అయితే జన్మ అంటే ఏ క్షణం? శిరస్సు కనిపించిన క్షణమా, శిశువు నేలను తాకిన క్షణమా, తొలి ఏడుపా, బొడ్డుతాడు కోసిన క్షణమా? శిరోదయం, భూపతనం, నాళచ్ఛేదనం అంటూ మన జ్యోతిష్కులు తరతరాలుగా చర్చిస్తూనే ఉన్నారు. ఈ క్షణాల నడుమ కొన్ని నిమిషాల ఎడం ఉండవచ్చును. నాలుగు నిమిషాలకు లగ్నం ఒక డిగ్రీ జరుగుతుంది.

1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. శిశువు తల్లి నుండి పూర్తిగా వెలికివచ్చిన తరువాత శ్వాస గాని, జీవలక్షణం మరేదైనా గాని కనబరిస్తే సజీవ జననమన్నది. ఇక 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఇంకా వెనుకకు పోయింది. తండ్రి మరణించేనాటికి గర్భంలో ఉండి, తరువాత ప్రాణంతో పుట్టిన బిడ్డకు ముందే పుట్టినట్లుగా వారసత్వం ఇచ్చింది. ఒక చట్టానికి జననం వెలికివచ్చిన క్షణం. మరొక చట్టానికి గర్భస్థ దశ నుండే హక్కు. ఇది వైరుధ్యం కాదు. మొదటిది లెక్క కోసం గీసిన గీత, రెండవది బిడ్డ అన్యాయమైపోకుండా గీసిన గీత.

మన ప్రాంతంలో చాలామందికి రెండు పుట్టినరోజులు ఉన్నవి. ఒకటి జాతకచక్రంలో ఉన్నది, రెండవది బడిలో చేర్పించినప్పుడు అయ్యవారు వేసినది. జూన్, జూలై నెలల ఒకటవ తేదీన పుట్టినవారు మనలో ఎంతమంది ఉన్నారో ఒకసారి చుట్టూ చూడండి! ఉద్యోగానికి బడి తేదీయే ప్రమాణం. అందులోనూ ఒక విచిత్రమున్నది. ఒకటవ తేదీన పుట్టిన ప్రభుత్వోద్యోగి అంతకుముందు నెల చివరి దినానే పదవీ విరమణ చేయాలి. మనిషి ఒక వయస్సును తన పుట్టినరోజుకు ముందటి దినం ముగియడంతోనే నిండించుకొంటాడన్న తర్కం దీని వెనుక ఉన్నది. 1986లో రాజస్థాన్ నుండి వచ్చిన ఒక కేసులో జనవరి 2న పుట్టిన అభ్యర్థి జనవరి 1వ తేదీతోనే 28 ఏండ్లు నిండినవాడయ్యాడని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క దినంతో అతనికి ఉద్యోగార్హత పోయింది.

విశ్రాంత ఉద్యోగులైన దాతలు ఇక్కడ ఎందరో ఉన్నారు. జూన్ 30న విరమణ చేసినవారికి జూలై 1న రావలసిన ఇంక్రిమెంటు వస్తుందా అన్న వివాదం మీకు తెలిసినదే. ఏడాది సేవ జూన్ 30తో నిండింది. ఇంక్రిమెంటు పడే నాటికి ఉద్యోగంలో లేరు. రాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2005లో చెప్పింది. సేవ చేసి సంపాదించుకొన్నదానిని ఒక్క దినం తేడాతో కాదనరాదని 2023 ఏప్రిల్ 11న కర్ణాటక నుండి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంక్రిమెంటు గడచిన సంవత్సరపు సేవకు ప్రతిఫలం. ఆ ప్రయోజనాన్ని చూసిన తరువాత గీత తన చోటికి తాను వచ్చింది.

జనన విషయం వదిలే ముందు తల్లులకు, తాతలకు, అవ్వలకు ఒక మనవి. ముహూర్తం చూసి శస్త్రచికిత్సతో బిడ్డను వెలికితీయించే అలవాటు మన పట్టణాలలోనూ ప్రబలింది. ముప్పైతొమ్మిది వారాలు నిండకుండా కారణం లేని శస్త్రచికిత్స చేస్తే పుట్టిన బిడ్డకు శ్వాస ఇబ్బందులు పెరుగుతాయని వైద్యులు చెబుతున్నారు. నిండిన తరువాత వైద్యులు ఇచ్చిన దినాలలో మంచిది ఎంచుకొంటే తప్పు లేదు. కాని తల్లికో బిడ్డకో ఆపద వచ్చినప్పుడు “లగ్నం రావడానికి ఇంకా నలభై నిమిషాలు ఉన్నది, ఆగండి” అనడం శాస్త్రం కాదు. జాతకం పుట్టిన బిడ్డకు రాసేది. బిడ్డ క్షేమం కోసమే జాతకం గాని, జాతకం కోసం బిడ్డ కాదు.

పెండ్లి ఘడియ

మన తెలుగు పెండ్లిలో సుముహూర్తం జీలకర్ర బెల్లానిది. తెరచాటు తొలగి, వధూవరులు ఒకరి శిరస్సున ఒకరు చేయి ఉంచే ఆ వేళకే లగ్నం పెడతాము. చూసేవారు మాంగల్యధారణే పెండ్లి అనుకొని అక్షతలు వేస్తారు. చట్టం దృష్టి మరొక చోట ఉన్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడవ సెక్షను ప్రకారం సప్తపది ఆచారంగా ఉన్న పెండ్లి ఏడవ అడుగుతో సంపూర్ణమవుతుంది. సప్తపది ఆచారంలో లేనివారికి వారి కులాచారమే ప్రమాణం. సుముహూర్తానికీ ఏడవ అడుగుకూ నడుమ గంట, ఒక్కొక్కచోట అంతకు మించి పడుతుంది. శుభఫలానికి మొదటి క్షణం. హక్కులకు, బాధ్యతలకు చివరి క్షణం. రిజిస్ట్రేషన్ పత్రం ఒక్కటే ఉండి, వివాహకర్మ ఏదీ జరగకపోతే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కావున పందిట్లో ఫోటోల తొందరలో సప్తపదిని మమ అనిపించవద్దని పురోహితులకూ, పెద్దలకూ విన్నపం.

పెండ్లి తేదీ ఆడబిడ్డల ఆస్తిని నిర్ణయించిన కథ మన రాష్ట్రానిదే. అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుండే అమలైనట్లు భావించాలన్నది. ఆ తేదీకి ముందే పెండ్లయిన ఆడబిడ్డలకు ఆ హక్కు లేదు. 1985లో అధిక శ్రావణం వచ్చింది. నిజ శ్రావణం ఆగస్టు నడుమ మొదలై సెప్టెంబరు నడుమ వరకు సాగింది. జమ్మలమడుగులో ఒక రైతు ఇంట ఆ నిజ శ్రావణ శుక్లపక్షంలో అక్కకు, మార్గశిరంలో చెల్లెలికి పెండ్లి జరిగిందనుకోండి. ఇద్దరికీ మంచి ముహూర్తాలే పెట్టారు. పెట్టిన సిద్ధాంతికి గాని, కన్యాదానం చేసిన తండ్రికి గాని ఆ సెప్టెంబరు 5 సంగతి తెలియదు. ఆ గీతను గీసింది ఆ తరువాత. చెల్లెలు హక్కుదారు అయింది, అక్క కాలేదు.

ఈ గీత నిలవలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన కేంద్ర సవరణ పెండ్లయినవారు, కానివారు అన్న భేదాన్ని తొలగించింది. కుమార్తె పుట్టుకతోనే హక్కుదారు, 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరు పత్రంతో గాని, కోర్టు డిక్రీతో గాని జరిగిన పంపకాలను మాత్రం కదపరాదన్నది. ఇప్పటికీ మన పల్లెలలో ఈ సంగతి తెలియని అక్కలు ఉన్నారు. దేవుని కల్యాణానికి చందా ఇచ్చే చేతితో తోబుట్టువు భాగం కూడా ఇవ్వగలిగితే ఆ దానం మరింత శోభిస్తుంది.

పత్రం రాసిన ఘడియ

బంగారు, వస్త్ర వ్యాపారాలకు పేరుపొందిన ప్రొద్దుటూరులో ప్రామిసరీ నోటు తెలియనివారు లేరు. పత్రంలో తెలుగు సంవత్సరం, మాసం, తిథి రాసే సంప్రదాయమూ మనకున్నది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 దినాలు; అధికమాసం వస్తే సుమారు 384. మరి గడువు ఏ లెక్కన? 1963 నాటి కాలపరిమితి చట్టం 24వ సెక్షను ప్రకారం పత్రం ఏ తేదీలో రాసినా గడువును గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారమే లెక్కించాలి. ఉగాది నుండి ఉగాదికి లెక్క కుదరదు.

గడువు లెక్కలో మొదటి దినాన్ని విడిచిపెడతారు. 2022 జూన్ 14న రాసిన డిమాండు నోటుకు మూడేండ్ల గడువు 2025 జూన్ 14తో ముగుస్తుంది. ఆ దినం రెండవ శనివారం. కోర్టుకు సెలవైతే, తెరిచిన సోమవారం దావా వేయవచ్చును. సెలవును చట్టం మన్నించింది. కాని అమావాస్యనూ, రాహుకాలాన్నీ, మూఢమినీ మన్నించలేదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వెసులుబాటు అప్పీళ్లకు, దరఖాస్తులకు ఉన్నది గాని దావాలకు లేదు. మంచిరోజు కోసం చివరి దినాన్ని దాటవేసి న్యాయమైన బాకీ పోగొట్టుకోవడం ఏ శాస్త్రమూ చెప్పలేదు. మంచిరోజు కావాలనుకొనేవారు గడువుకు మూడు నెలల ముందే చూసుకోవాలి.

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ముందు వర్జ్యం దాటేదాకా వేపచెట్టు కింద వేచివుండే కుటుంబాలను మనం చూస్తూనే ఉంటాము. నిజానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షను ప్రకారం రిజిస్టరైన పత్రం సాధారణంగా రాసి సంతకం పెట్టినప్పటి నుండే వర్తిస్తుంది; రిజిస్టరైన వేళ నుండి కాదు. ముహూర్తం చూడదలచుకొంటే సంతకానికి చూడాలి. అయితే సంతకం ఇంట్లోనే ముందటి రోజు అయిపోయి ఉంటుంది!

స్వామి వేంచేసే ఘడియ

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. శిల్పి చేతిలోని శిల ఏ క్షణంలో స్వామి అవుతుంది? జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం, యంత్రస్థాపన, అష్టబంధనం, నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ, కళాన్యాసం, కుంభాభిషేకం. ఇన్ని మెట్లు ఉన్నవి. ముహూర్తాన్ని వీటిలో ఒకదానికి పెట్టినా, స్వామి సాన్నిధ్యం కళ తరువాత కళగా నిండుతుందని ఆగమజ్ఞులు చెబుతారు. తూర్పున వెలుగు వచ్చిన క్షణాన్ని ఎవరు వేలు పెట్టి చూపగలరు? కాని తెల్లవారిందని అందరికీ తెలుస్తుంది.

జీర్ణోద్ధరణలో ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. పాత సన్నిధిని కదిపే ముందు కళాకర్షణ చేసి, శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో నిత్యపూజ జరిపించాము. గర్భగుడి ఖాళీగా ఉన్నది. స్వామి మాత్రం ఒక్క పూటయినా లేకుండా పోలేదు. ఆగమం చేసిన ఈ ఏర్పాటుకు న్యాయశాస్త్రంలోనూ సాటి ఉన్నది. ప్రతిష్ఠిత దేవతామూర్తి ఆస్తిని కలిగి ఉండగల న్యాయవ్యక్తి అని ప్రీవీ కౌన్సిల్ 1925లో బెంగాలుకు చెందిన మల్లిక్ కేసులో స్పష్టం చేసింది. విగ్రహం భిన్నమైనా, పోయినా, మార్చవలసి వచ్చినా భక్తుడు సమర్పించిన ఆస్తి అనాథ కాదు. సమర్పణ ఏ సంకల్పంతో జరిగిందో ఆ సంకల్పం నిలిచి ఉన్నంతకాలం ఆ ఆస్తి నిలుస్తుందన్నది మన న్యాయస్థానాలు అంగీకరించిన సూత్రం.

ఇంకా ప్రతిష్ఠే జరగని దేవునికి ఇచ్చిన దానం మాటేమిటి? ఇంకా పుట్టని మనిషికి చేసిన దానం హిందూ ధర్మశాస్త్రం ప్రకారం చెల్లదని 1872లో ఠాగూర్ కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. దానిని ఆధారం చేసికొని, తన మరణానంతరం దేవతను ప్రతిష్ఠించి పూజలు జరపమని ఒక భక్తుడు రాసిన వీలునామా చెల్లదని కొందరు వాదించారు. రాసిన ఆయన మరణించిన క్షణానికి ఆ మూర్తి లేదు కదా, పుచ్చుకొనేవారు ఎవరన్నది వారి ప్రశ్న. 1909లో కలకత్తా హైకోర్టు పూర్తి ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. మనుషుల నడుమ దానానికి గీసిన గీత దైవకార్యానికి వర్తించదు. భక్తుడు సమర్పించినది ధర్మకార్యానికి గనుక ఆ సమర్పణ చెల్లుతుందన్నది.

దాతలారా! ఈ తీర్పు మీ గురించే. గోపురానికి కలశం లేనినాడు, గర్భగుడిలో దీపం లేనినాడు మీరు రసీదు కూడా అడగకుండా ఇచ్చారు. మీ కానుక ఈనాటి లగ్నం కోసం ఎదురుచూడలేదు. మీరు మనసులో అనుకొన్ననాడే అది స్వామికి చెందింది.

సంకల్పం చెప్పే కాలం

మనం నిత్యం చెప్పే సంకల్పాన్ని ఒకసారి గుర్తుచేసికోండి. బ్రహ్మ ఆయుర్దాయంలో ద్వితీయ పరార్ధం వద్ద మొదలుపెట్టి, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగ ప్రథమపాదం, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం వరకు దిగివస్తాము. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో చెబుతాము. తరువాత పేరు, గోత్రం, కోరిక. అందులో నిమిషం లేదు, సెకను లేదు. ఆ విశాలమైన కాలంలో నేను ఇక్కడ ఉన్నాను, ఈ పని చేస్తున్నాను అని చెప్పుకోవడమే సంకల్పం. దాతల ప్రశ్నకు ఇదే నా సమాధానం. పెద్దలు పెట్టిన ముహూర్తాన్ని శ్రద్ధతో పాటిద్దాం. అది మన చేతులను, మనసులను ఒక్క వేళకు ఒక్క చోటికి చేర్చుతుంది. వేలమంది ఒక్కసారి కలశం వైపు తలెత్తి చూడాలంటే ఒక వేళ అంటూ ఉండాలి కదా! నిమిషం అటుయిటు అయిందని మాత్రం బెంగపడవద్దు. తోపులాటలో వృద్ధులను, పసిబిడ్డలను నలగనీయవద్దు.

మన కడప సీమ శాసనాల సీమ. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం తెలుగులో మనకు దొరికిన తొలి శాసనంగా ప్రసిద్ధికెక్కింది. అది సుమారు క్రీస్తుశకం 575 నాటిదని పండితులు లిపిని బట్టి నిర్ణయించారు. తరువాతి కాలపు దానశాసనాలలో శకవర్షం, సంవత్సరం, మాసం, తిథి, వారం, గ్రహణ పుణ్యకాలం అన్నీ చెక్కించారు. కొన్నింటిలో తిథికీ వారానికీ పొంతన కుదరదు. ఎల్.డి. స్వామికన్ను పిళ్లె 1922లో క్రీస్తుశకం 700 నుండి 1799 వరకు పంచాంగ గణితాన్ని గ్రంథస్థం చేసి ఇచ్చిన తరువాత పరిశోధకులు ఆ తేదీలను సరిచూడగలిగారు. తిథి పొసగలేదని ఆ దానం చెడిపోయిందా? లేదు. ఆ మాన్యంతో దీపం వెలిగినంతకాలం దానం దానమే. ఆ దాతలు దానం మొదలైన క్షణాన్ని గ్రహణ ఘడియతో సహా చెక్కించారు. ముగిసే క్షణం దగ్గర మాత్రం ఒకే ఒక్క మాట రాయించారు, ఆచంద్రార్కమని.

అష్టబంధనాన్ని పన్నెండేండ్లకొకసారి సరిచూసుకొని మరల కుంభాభిషేకం చేయడం మన సంప్రదాయం. ఈ సంచికను ఇంట భద్రపరచండి. ఆనాటికి మీ బిడ్డలు దీనిలో మీ పేరు చూసి, తమ వంతు ఏమిటని అడగాలి. ఈలోగా నిత్య ధూపదీప నైవేద్యాలు ఒక్క పూటయినా తప్పకుండా చూసే భారం మనందరిదీ. ఆ పనికి ప్రత్యేకించి ముహూర్తం అక్కరలేదు.

సర్వే జనులకూ స్వామి కృప కలుగుగాక!

స్వస్తి.